బోరాన్ నేలలు, గోధుమ దాయాదులు

1970, 80 దశకాల్లో దక్షిణ ఆస్ట్రేలియా రైతులు హాల్బర్డ్ అనే గోధుమ వంగడాన్ని విరివిగా వేసేవారు. అక్కడ వానలు అంతంత మాత్రం, నేలలు క్షారపు నేలలు, గింజ పాలు పోసుకునే వేళకు ఎండ ముదిరిపోతుంది. అయినా హాల్బర్డ్ పండేది. ఎందుకు పండేదో రైతులకే కాదు, దాన్ని తయారుచేసిన శాస్త్రవేత్తలకూ తెలీదు. దిగుబడి చూసి మంచి వంశాల్ని ఏరుకున్నారు, అంతే. 1984లో కార్ట్‌రైట్ బృందం గ్లాడ్‌స్టోన్ దగ్గరి ఒక బార్లీ చేను గురించి వ్యాసం ప్రచురించాక గుట్టు వీడడం మొదలైంది. ఆ చేలో ఆకుల మీద ముదురు మచ్చలున్నాయి. మచ్చలు ఎక్కువున్న చోటికీ, దాని పక్కనే ఉన్న మంచి చోటికీ దిగుబడిలో 17 శాతం తేడా వచ్చింది. తెగులేమో అనుకుంటే తెగులు లేదు. నేల అడుగు పొరల్లో పేరుకున్న బోరాన్ దానికి కారణం. ఆ తర్వాత అడిలైడ్‌లోని వెయిట్ సంస్థలో గోధుమ రకాల్ని బోరాన్ కలిపిన మట్టిలో పెంచి చూస్తే హాల్బర్డ్ తట్టుకునే రకాల్లో ఒకటిగా తేలింది. ఎవరూ వెతకని గుణాన్ని ఆ నేలే పరీక్ష పెట్టి నిలబెట్టింది.

బోరాన్ మనకు తెలియని సరుకేమీ కాదు. కంసాలి బంగారం అతికేటప్పుడు వాడే వెలిగారం, క్యారమ్స్ బోర్డు మీద చల్లే బోరిక్ పొడి, రెండింట్లోనూ ఉన్నది అదే. మొక్కకు అది తప్పనిసరి అని 1923లో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ క్షేత్రంలో క్యాథరిన్ వారింగ్టన్ ఒక రకం చిక్కుడు జాతి మొక్కల మీద చూపించారు. కణం గోడలోని పెక్టిన్ పోగుల్ని ఒకదానితో ఒకటి ముడివేయడం దాని ముఖ్యమైన పని. అది చాలకపోతే పుప్పొడి సరిగా తయారవదు, కంకి తాలు పోతుంది. అయితే చాలినంతకూ మితిమీరినంతకూ మధ్య ఉన్న సందు చాలా ఇరుకు. మట్టిని వేడినీటిలో మరిగించి కొలిచే పద్ధతిలో కిలోకు అర మిల్లీగ్రాము కంటే తక్కువ తేలితే లోపం అంటారు. 5 మిల్లీగ్రాములు దాటితే చాలా పంటలకు ముప్పే. సాగునీటి సంగతి ఇంకా సున్నితం. ఆహార, వ్యవసాయ సంస్థ పాత పట్టికల్లో లీటరు నీటికి 0.75 నుంచి 1 మిల్లీగ్రాము వరకే ఓర్చుకునే సున్నిత పంటల వరసలో గోధుమ పేరు ఉంది.

ఈ విషం ఎక్కువగా వాన చాలని నేలల్లో కనబడుతుంది. దక్షిణ ఆస్ట్రేలియాలో పూర్వం సముద్రం వదిలిపోయిన మట్టిలోంచి వచ్చింది. టర్కీ నడిబొడ్డున ఉన్న అనటోలియా పీఠభూమిలో అగ్నిపర్వతాల నుంచీ, ఎండిపోయిన సరస్సుల నుంచీ వచ్చింది. ప్రపంచంలోని బోరాన్ నిల్వల్లో అధిక భాగం టర్కీదే. ఎస్కిషెహిర్ దగ్గరి కిర్కాలో గనులు, అటు కోన్యా మైదానంలో గోధుమ పొలాలు. ఇరాక్, సిరియా, ఉత్తర ఆఫ్రికా, చిలీ ఉత్తర భాగం, కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ లోయ కూడా ఈ జాబితాలోనివే.

ఉప్పునేలనైతే మంచినీరు పెట్టి కడిగేయవచ్చు. బోరాన్ అంత తేలిగ్గా కదలదు. మామూలు ఉప్పును కడగడానికి పట్టే నీళ్ళకు దాదాపు మూడు రెట్లు కావాలంటారు సాగునీటి నిపుణులు. ఏడాదికి 300, 400 మిల్లీమీటర్ల వాన పడే చోట ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి తేవాలి? పైగా అది పేరుకునేది నాగలి అందని లోతుల్లో. పైరు మొలిచినప్పుడు ఏమీ తెలీదు. పై తడి ఆరిపోయి వేరు కిందికి దిగి నీరు వెతుక్కునే వేళకు, అంటే కంకి తీసే వేళకు, తగులుతుంది. అందుకే ఈ సమస్యకు మందూ మాకూ కంటే విత్తనమే దారి అని నలభై ఏళ్ళుగా అందరూ అదే పట్టుకున్నారు.

మరి గోధుమకు ఆ గుణం ఎక్కణ్ణుంచి తేవాలి?

సహజంగా తట్టే జవాబు ఒకటుంది. గోధుమ పుట్టిన ప్రాంతమూ బోరాన్ నేలలున్న ప్రాంతమూ చాలాచోట్ల ఒకదాని మీద ఒకటి పడతాయి. ఐన్‌కార్న్ గోధుమను మనిషి మచ్చిక చేసుకున్నది ఆగ్నేయ టర్కీలోని కరజదాగ్ కొండల దగ్గర అని 1997లో జన్యు పోలికలు చూసి చెప్పారు. అడవి ఎమ్మర్‌ను 1906లో ఆరన్ ఆరన్‌సన్ పాలస్తీనాలోని రోష్ పినా దగ్గర రాళ్ళ సందున పట్టుకున్నాడు. రొట్టె గోధుమలో మూడో భాగం జన్యువుల్ని ఇచ్చిన ఏజిలాప్స్ టౌషీ అనే గడ్డి కాస్పియన్ సముద్రం చుట్టూ, ఇరాన్, అఫ్ఘానిస్తాన్‌ల మీదుగా వ్యాపించి ఉంది. వేల ఏళ్ళుగా ఆ నేలల్లో బతికిన గడ్డికి బోరాన్ విద్య తెలిసే ఉంటుందని ఆశించడంలో తప్పు లేదు. ఆ ఆశలో నిజం కొంతే ఉంది. దాన్ని తూచాలంటే ముందు మొక్క ఒంట్లో ఏం జరుగుతుందో చూడాలి.

గోధుమ మొక్కలో బోరాన్ ఎక్కువైతే మొదట ముదురాకుల కొస మాడుతుంది. నీటితోపాటు పైకెక్కిన బోరాన్, నీరు ఆవిరైపోయే చోట, అంటే ఆకు చివరా అంచుల్లోనూ దిగబడిపోతుంది. గోధుమలో అది అక్కణ్ణుంచి వెనక్కి రాలేదు. బార్లీలో అయితే మాడిన కొస వెనకే ముదురు గోధుమరంగు చుక్కలు లేస్తాయి. గోధుమలో చుక్కలు అంత స్పష్టంగా ఉండవు, పసుపు తిరిగి ఎండుతుంది. నేలలో నీరు చాలకా ఇలాగే ఎండుతుంది కాబట్టి చాలా ఏళ్ళు రైతులు దాన్ని బెట్ట కింద లెక్కగట్టారు. ఆకు కింద ఇంకో నష్టం జరుగుతూ ఉంటుంది. వేరు పొట్టిదైపోతుంది. వేరు పొట్టిదైతే లోతు నీరు అందదు. బెట్టకీ బోరాన్‌కీ మధ్య గీత గీయడం అందుకే కష్టం.

కణం లోపలి కథ అడిలైడ్ విశ్వవిద్యాలయంలో రాబ్ రీడ్ బృందం చేసిన పనితో చాలావరకు తేటపడింది. మామూలు నేలలో బోరాన్ బోరిక్ ఆమ్లంగా ఉంటుంది. దానికి విద్యుదావేశం లేదు, అణువు చిన్నది, కణం పొరలోంచి దానంతటదే దూరిపోతుంది. తలుపు వేసి ఆపడం కుదరదు. లోపలికి వెళ్ళాక కొంత భాగం ఆవేశం గల బోరేట్‌గా మారుతుంది. అది ఏటీపీ లాంటి అణువుల్లోని చక్కెర భాగాల్ని పట్టుకుంటుంది. ఫలానా ఒక్క పనిని చెడగొట్టి మొక్కను చంపే విషం కాదిది. చాలా పనుల్ని కొంచెం కొంచెం మందగింపజేస్తుంది. తట్టుకునే మొక్క చేసేదల్లా లోపలికొచ్చిన బోరేట్‌ను వేళ్ళ కణాల్లోంచి తిరిగి బయటికి నెట్టడం. ఓటిపడవలో కూర్చుని నీళ్ళు తోడిపోయడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే: చిల్లు పూడదు, చేతి వేగమే ప్రాణం.

ఆ తోడిపోసే పనిముట్టు ఏమిటన్నది మొదట బయటపడింది గోధుమలో కాదు, అరాబిడాప్సిస్ అనే ప్రయోగశాల కలుపు మొక్కలో. 2002లో తకానో, ఫుజివారా బృందం బార్1 అనే బోరాన్ రవాణా ప్రోటీన్‌ను గుర్తించింది. దాని పని లోపం ఉన్నప్పుడు బోరాన్‌ను పైకి అందించడం. అదే కుటుంబంలోని బార్4ను ఎక్కువగా పనిచేయిస్తే మొక్క విషపు మోతాదుల్లోనూ పెరుగుతుందని 2007లో వాళ్ళే చూపించారు. అదే ఏడాది, అదే సైన్స్ పత్రికలో, ఆస్ట్రేలియా బృందం బార్లీ జవాబు ప్రకటించింది. అల్జీరియాకు చెందిన సహారా 3771 అనే నాటు బార్లీలో బాట్1 అనే తోడిపోసే జన్యువు మామూలు రకాల కంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువ ప్రతుల్లో ఉంది. కొత్త జన్యువేమీ పుట్టలేదు. ఉన్నదే పదేపదే అచ్చయింది. ఎడారి అంచున ఎవరో రైతు ఏటా గింజ దాచుకుంటూ, తెలియకుండానే ఆ అచ్చుల్ని కాపాడుకుంటూ వచ్చాడు.

గోధుమ విషయం తేలడానికి ఇంకో ఏడేళ్ళు పట్టింది. గోధుమ జన్యుసముదాయం ఆరు జతల (సెట్ల) క్రోమోజోములతో పేనిన తాడు. పని విడదీయడం అంత సులువు కాదు. 1990ల మొదట్లోనే పాల్, నేబుల్, రాత్‌జెన్‌లు తట్టుకునే గుణానికి బిఓ1 మొదలైన కొన్ని జన్యుస్థానాలున్నాయని లెక్కగట్టారు. హాల్బర్డ్‌లో పనిచేసేది బిఓ1, ఏడో బి క్రోమోజోమ్ పొడుగు చేతి మీద. గ్రీసు నాటురకం జి61450లో అంతకంటే బలమైన గుణం ఉంది, దాని స్థానం బిఓ4, నాలుగో ఎ క్రోమోజోమ్ మీద. 2014లో పలోటా బృందం నేచర్‌లో రాసిన వ్యాసం దాని కారణం చెప్పింది. బిఓ1, బిఓ4 రెండు చోట్లా ఉన్నవి దాదాపు ఒకేలాంటి బోరాన్ రవాణా జన్యువులు, వేళ్ళలోనే పనిచేస్తాయి. గోధుమకు ఈ ఓర్పు ఇచ్చిన మార్పుల్లో ఒకటి, నాలుగు జతల గోధుమ నుంచి వచ్చి కలిసిపోయిన ముక్క. అంటే ఎప్పుడో, ఎవరూ చేయించని సంకరంలో, బంధువు రక్తం రొట్టె గోధుమలోకి పారింది. దాయాదుల ఆస్తి కొంత అప్పటికే గోధుమ ఇంట్లో ఉంది.

ఆ వ్యాసంలో ఇంకో ముఖ్యమైన మాట ఉంది. ఒకే జన్యువుకు బలమైన రూపం, మధ్యరకం, పనిచేయని రూపం ఇలా వరస ఉంది. వంగడకారులు బోరాన్ ఎక్కువున్న ప్రాంతాలకు బలమైన రూపాన్నీ, తక్కువున్న ప్రాంతాలకు వేరే రూపాల్నీ తెలియకుండానే జతచేశారు. తోడిపోయడం ఎప్పుడూ మంచిదే కాదు. బోరాన్ చాలని నేలలో బలమైన తోడుడు మొక్కకే చేటు. ఈ సమీక్షకు ఇదే ఇరుసు: అడవి జాతుల్లో 'అత్యంత ఓర్పు' కోసం వెతికే చాలా పరిశోధనలు ఈ మాటను సగం మర్చిపోయి నడుస్తున్నాయి.

ఇక దాయాదుల దగ్గరికి.

ఈ రంగంలో ఇప్పుడు ఎక్కువగా రాస్తున్నది కోన్యాలోని సెల్చుక్ విశ్వవిద్యాలయం వ్యవసాయ విభాగం. గెజ్గిన్, హముర్జు, ఖాన్, పాండే తదితరులు. వాళ్ళ పొలం పక్కనే బోరాన్ నేల ఉంది కాబట్టి ఆసక్తి సహజమే. వాళ్ళు పరీక్షించిన వాటిలో ఆసక్తికరమైనది ట్రిటికం జుకోవ్‌స్కీ. నిజానికి దీన్ని అడవి మొక్క అనలేం. పశ్చిమ జార్జియా కొండల్లో జందూరి అని పిలిచే పొట్టు గోధుమల మిశ్రమ పంటలో ఇది ఒకటి. ఐన్‌కార్న్‌కూ, తిమొఫీవ్ గోధుమకూ పుట్టిన సంకరం. ఆరు జతలున్నా రొట్టె గోధుమకు అన్నదమ్ముడు కాదు, వేరే వంశం. మెనబ్దే, ఎరిత్స్యాన్‌లు 1960లో దీన్ని వేరే జాతిగా నమోదు చేశారు. చేలల్లోంచి దాదాపుగా మాయమైపోయి, విత్తన భాండాగారాల్లో మిగిలింది. కోన్యా బృందం దాని ఒక వంశాన్ని బోరాన్ ఎక్కువ వేసిన ద్రావణంలో పెంచి, వేళ్ళలో ఏయే జన్యువులు మేలుకున్నాయో ఆర్‌ఎన్‌ఏ చదివి 2022లో ప్రచురించింది. మరుసటి ఏడాది ట్రిటికం డైకాకం ఆకులు, కాడల మీద అదే పని చేసింది.

డైకాకం అంటే తెలుగువాళ్ళకు తెలిసినదే, పేరే వేరు. ధార్వాడ, బెళగావి వైపు నుంచి, మహారాష్ట్ర నుంచి హైదరాబాద్ దుకాణాలకు వచ్చే ఖాప్లి గోధుమ అదే. మధుమేహం ఉన్నవాళ్ళు కొనే గోధుమరవ్వ సంచి మీద ఆ పేరు కనిపిస్తుంది. అందులోని ఒక వంశానికి బోరాన్ ఓర్పు ఉందంటే ఆశ్చర్యంగా ఉంటుంది కానీ, దక్కనులో పండే ఖాప్లికంతటికీ ఆ గుణం అంటగట్టడం తొందరపాటు. ఒకే జాతిలో ఒక వంశం ఓర్చుకుంటే, పక్కది మాడిపోతుంది. అడవి గోధుమలపై జరిగిన పనంతటిలో పదేపదే తేలే విషయం ఇదే. ఓర్పు జాతి గుణం కాదు, ఆ గింజ ఏ నేల నుంచి వచ్చిందన్నదాని గుణం.

ఆర్‌ఎన్‌ఏ చదివే పనుల విలువ గురించి కూడా నిక్కచ్చిగా ఉండాలి. ఒక మొక్కకు విషం పోస్తే వేలకొద్దీ జన్యువుల పని మారుతుంది. రవాణా ప్రోటీన్లు, కణం గోడ పనివాళ్ళు, ఆక్సీకరణను అడ్డుకునే గ్లూటథయోన్ ఎంజైములు, వీటిని నడిపించే జన్యు మీటలు, అన్నీ వరసలో నిలబడతాయి. వాటిలో ఏవి కాపాడేవి, ఏవి కేవలం నొప్పి తెలిపేవి అని ఆ పట్టిక చెప్పదు. సహారా బార్లీలో బాట్1ను పట్టుకున్నది ఇలాంటి పట్టికతో కాదు. ఓర్చుకునే మొక్కనూ ఓర్చుకోనిదాన్నీ సంకరం చేసి, పిల్లల్లో గుణం ఎటు వెళ్తోందో వెంబడించి, చివరికి ఒక చిన్న క్రోమోజోమ్ ముక్కకు చేరారు. జుకోవ్‌స్కీ గోధుమ మీద ఆ ఓపిక ఇంకా ఎవరూ పెట్టలేదు. పెట్టడమూ కష్టమే. దాని క్రోమోజోములు రొట్టె గోధుమ వాటితో సరిగా జతకట్టవు.

ఏజిలాప్స్ టౌషీది వేరే దారి. దాన్ని నేరుగా రొట్టె గోధుమతో కలపడానికి బదులు, దురం గోధుమతో కలిపి రొట్టె గోధుమనే మళ్ళీ మొదటినుంచి తయారుచేయవచ్చు. 1940ల్లో మెక్‌ఫాడెన్, సియర్స్ చేసి చూపిన ఉపాయం ఇది. మెక్సికోలోని సిమిట్ కేంద్రంలో ముజీబ్-కాజీ దాన్ని వందలకొద్దీ వంశాలకు పెంచాడు. వీటిని సింథటిక్ గోధుమలంటారు. ఆస్ట్రేలియాలో ఎమెబిరి, ఒగ్బొన్నాయ వీటిని బోరాన్ పరీక్షకు పెట్టి, కొన్ని వంశాల్లో ఓర్పు ఉందని 2015లో రాశారు. ఈ దారిలో లాభం ఏమిటంటే, దొరికిన గుణం రొట్టె గోధుమకు నేరుగా ఎక్కుతుంది, క్రోమోజోములు మొండికేయవు. టౌషీ నుంచే వచ్చి మన పాత గోధుమలో ఎప్పుడూ ఉన్న డి జతలోనే కొత్త రూపం వస్తుంది కాబట్టి. అడవి దాయాదుల్లో ఆచరణకు అందేంత దగ్గరగా ఉన్నది ఇదే అని చెప్పాలి.

దూరపు చుట్టాల్లో పేరుమోసినవి వీట్‌గ్రాస్‌లు. థినోపైరం జాతులు సముద్రపొడ్డునా, ఉప్పు నేలల్లోనూ పెరిగేవి. కాలిఫోర్నియా శాన్ వాకీన్ లోయలో పొలాల కింది నుంచి వచ్చే మురుగునీటిలో ఉప్పు, సెలీనియం, బోరాన్ మూడూ ఉంటాయి. ఆ నీటిని మళ్ళీ వాడుకోవడానికి పశుగ్రాసంగా పెంచి చూసిన గడ్డి ఈ పొడవాటి వీట్‌గ్రాసే, 'హోసే' రకం. చాలా పంటలు చచ్చేచోట అది ఏపుగా నిలబడుతుంది. మాన్యోవా, మిల్లర్ 1991లో గోధుమ తెగంతటిలో ఖనిజాల అధిక మోతాదులను తట్టుకునే గుణంపై సమీక్ష రాశారు. కానీ వీట్‌గ్రాస్ నుంచి గోధుమకు ఒక గుణం తేవడమంటే ఏమిటో తెలుసుకోవడానికి తుప్పు తెగులు జన్యువు ఎల్‌ఆర్19 కథ చాలు. అది థినోపైరం పాంటికం నుంచి వచ్చింది. తుప్పును ఆపింది. దానితోపాటే పిండికి పసుపు రంగు కూడా వచ్చింది, తెల్ల రొట్టె చేసేవాళ్ళు వద్దన్నారు. ఆ రంగును వదిలించుకోవడానికి కెనడాలో నాట్ అనే శాస్త్రవేత్త మ్యుటేషన్లతో ఏళ్ళు శ్రమపడ్డాడు. గోధుమలో ఐదో బి క్రోమోజోమ్ మీది పీహెచ్1 అనే జన్యువు పరాయి క్రోమోజోములతో ముక్కలు మార్చుకోనివ్వదు, కాబట్టి పరాయి ముక్క వస్తే మొత్తంగా వస్తుంది, చిన్నది చేయడం మహా కష్టం. బోరాన్ ఓర్పు కోసం ఎవరైనా వీట్‌గ్రాస్ ముక్క తెస్తే, దానితో ఏమేం వస్తాయో ముందే లెక్కగట్టుకోవాలి.

ఈ తెగకు బయట, గడ్డి జాతుల్లోనే ఇంకా మొండివి ఉన్నాయి. పుక్సినెల్లియా డిస్టాన్స్ అనే చిన్న గడ్డి కిర్కా గని దగ్గరి నేలలో పెరుగుతుంది, గోధుమ అక్కడ మొలకెత్తడం కూడా కష్టం. ఆ పక్కనే పెరిగే జిప్సోఫిలా స్ఫీరోకార్పా అనే పూమొక్క బోరాన్‌ను ఆకుల్లో విపరీతంగా పోగేస్తుంది. 2004లో బాబాఓలూ, గెజ్గిన్ వగైరా నేల శుద్ధికి అది పనికొస్తుందేమో అని రాశారు. విషాన్ని మింగి దాచుకోవడం, లేదా రానివ్వకపోవడం, ప్రకృతికి రెండు దారులూ తెలుసు. ధాన్యానికి మొదటిది పనికిరాదు, ఆకులు మాడితే గింజ పాలు పోసుకోదు. కాబట్టి గోధుమ చుట్టాల్లో మనం వెతుకుతున్నది చాలావరకు రెండో దారే.

చాలావరకు అనడానికి కారణం ఉంది. రీడ్, ఫిట్జ్‌ప్యాట్రిక్ 2009లో మూడో దారి ఒకటి చూపించారు. కొన్ని రకాల ఆకుల్లో బోరాన్ మొత్తం తక్కువ కాకపోయినా, అది కణం లోపలినుంచి బయటి గోడల సందుల్లోకి నెట్టబడి ఉంటుంది. అక్కడున్న బోరాన్ ఎక్కువ హాని చేయదు. పైగా వాన పడితే ఆకులోంచి అది కడుక్కుపోతుంది. ఇంత చిన్న విషయం పాత ప్రయోగాలన్నిటి మీద నీడ వేస్తుంది: గాజు ఇంట్లో వాన పడదు. అక్కడ కొస మాడిన ఆకును చూసి 'ఓర్చుకోలేదు' అని కొట్టేసిన రకం, పొలంలో రెండు జల్లులకు కోలుకునేదై ఉండవచ్చు.

పరీక్ష ఎలా చేస్తారన్నది అందుకే ఇక్కడ ముఖ్యం. అడిలైడ్ పద్ధతి చాలా తేలిక. మొలకెత్తిన గింజల్ని వరసగా తడి వడపోత కాగితం మీద పరుస్తారు, కాగితాన్ని చుట్ట చుడతారు, లీటరుకు 100 మిల్లీగ్రాముల బోరాన్ కలిపిన ద్రావణంలో నిలబెడతారు. పది పన్నెండు రోజుల తర్వాత చుట్ట విప్పి, స్కేలుతో వేరు కొలుస్తారు. ఓర్చుకునే మొక్క వేరు బారుగా, తెల్లగా దిగుతుంది. ఓర్చుకోలేనిది కురచగా మిగిలిపోతుంది. ఒక బల్ల మీద వందల మొక్కలు తేల్చేయవచ్చు. బిఓ1 దొరకడానికి ఈ కాగితపు చుట్టలే దారి. కానీ అవి తేల్చేది మొలకనాటి వేరును. గింజ దిగుబడిని కాదు.

ఆ రెండింటికీ దూరం ఎంతో బార్లీ నేర్పింది. సహారా నుంచి ఓర్పు జన్యువుల్ని ఆస్ట్రేలియా వంగడాల్లోకి ఎక్కించారు. ఆకు మచ్చలు తగ్గాయి, ఆకుల్లో బోరాన్ తగ్గింది. దిగుబడి మాత్రం ఆశించినంత పెరగలేదు. కారణాలు వెతుక్కోవలసి వచ్చింది: అడుగు నేలలో బోరాన్‌తోపాటు ఉప్పు, క్షారం కూడా ఉన్నాయి, ఒక్క అడ్డంకి తీస్తే ఇంకోటి పట్టుకుంది, సహారా ముక్కలతో పనికిరాని జన్యువులు కూడా వచ్చి ఉండవచ్చు. టర్కీలో కలైజి, చక్మక్, తోరున్ వగైరా పొలాల్లో చేసిన పనిలో కూడా ఆకులోని బోరాన్‌కూ, ఆకు లక్షణాలకూ, దిగుబడికీ మధ్య పొత్తు సరిగా కుదరలేదు. టర్కీ రకం బొలాల్-2973 ఓర్పుకూ, అతాయ్-85 సున్నితత్వానికీ ఉదాహరణలుగా ప్రయోగశాలల్లో ఏళ్ళుగా జత నడుస్తున్నాయి. కానీ ఒక ఏడాది పొలంలో వాన ఎప్పుడు పడిందన్నదాన్ని బట్టి తీర్పు మారిపోతుంది.

దీనికి భిన్నంగా హాల్బర్డ్ వంశం కథ విజయమే. బిఓ1ను ఫ్రేమ్, యిట్పి లాంటి తర్వాతి ఆస్ట్రేలియా వంగడాలు మోశాయి, దక్షిణ ఆస్ట్రేలియాలో విస్తారంగా పండాయి. అక్కడ గుణం ఒక్కటే విడిగా ఎగుమతి కాలేదు. ఆ నేలలోనే, ఆ వానలోనే, మొత్తం మొక్కను చూసి ఏరారు. అడవి దాయాదుల నుంచి ఏం తెచ్చినా చివరికి ఈ దారినే నడిపించాలి.

భారతదేశానికొస్తే బోరాన్ కథ తిరగబడుతుంది. రాజస్థాన్, హర్యానా, గుజరాత్‌లలో చవుడు నేలలు, ఉప్పు బావుల నీళ్ళున్నచోట బోరాన్ ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. అక్కడ ఉప్పును తట్టుకునే పని కర్నాల్ లవణ నేలల సంస్థ చాలా చేసింది, రాజస్థాన్‌లోని పాలీ జిల్లా ఖార్చి గ్రామపు నాటురకం ఖార్చియాను ఆధారం చేసుకుని. తెలుగునాట సంగతి దాదాపు తద్విరుద్ధం. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ మహబూబ్‌నగర్, నల్గొండ, కర్నూలు జిల్లాల మెట్ట పొలాల మట్టిని పరీక్షిస్తే గంధకం, జింక్‌తోపాటు బోరాన్ కూడా విస్తారంగా తక్కువే ఉందని తేలింది. మామిడికి, పత్తికి బోరాక్స్ కొట్టమని దుకాణదారు చెప్పేది ఇందుకే. ఇక్కడి రైతుకు తోడిపోసే గోధుమ అక్కర్లేదు, ఉంటే నష్టమే. కోన్యా పీఠభూమిలోనే ఒక చేలో లోపం, పది కిలోమీటర్ల అవతల విషం కనిపిస్తాయి. అలాంటి చోట ఒకే వంగడం ఇచ్చి అందరినీ వేయమనడం కుదరదు. మట్టి పరీక్ష లేకుండా బోరాన్ ఓర్పు విత్తనం సిఫారసు చేయడం అటూ ఇటూ కాని పని.

విత్తనాలు మాత్రం ఉన్నాయి. సిరియాలో అలెప్పో దగ్గరి తెల్ హద్యాలో ఇకార్డా పోగేసిన గోధుమ, బార్లీ, వాటి అడవి చుట్టాల గింజల్లో చాలావరకు యుద్ధం ముదరకముందే స్వాల్‌బార్డ్ మంచు గిడ్డంగికి చేరాయి. 2015లో ఆ గిడ్డంగి నుంచి తొలిసారిగా బయటికి తీసినవి కూడా అవే. లెబనాన్‌లోనూ మొరాకోలోనూ వాటిని మళ్ళీ వేసి గింజ పెంచారు. వాటిలో ఏ సంచి ఏ ఊరి పక్క నుంచి వచ్చిందో రాసి ఉంటుంది. ఆ ఊరి నేలలో బోరాన్ ఎంతో కొలిచి, బోరాన్ బాగా ఎక్కువున్న చోట్ల నుంచి వచ్చిన ఏజిలాప్స్ టౌషీ, అడవి ఎమ్మర్ గింజల్ని ముందు వేయించాలి. కాగితపు చుట్టల్లో మాత్రమే కాదు, వాన పడే పొలంలో, కంకి తీసేదాకా. ఓర్చుకున్న వంశాలకు సింథటిక్ దారిలో డి జతను మార్చి, బిఓ1 ఉన్న వంగడం పక్కన, లేని వంగడం పక్కన వేసి తూచాలి. లోపమున్న నేలలోనూ ఒక మడి వేయాలి. దాని ఖర్చు ఆర్‌ఎన్‌ఏ చదవడం కంటే ఎక్కువేమీ కాదు, పట్టే కాలం మాత్రం చాలా ఎక్కువ; రెండేళ్ళ ప్రాజెక్టులో ఆ కాలం ఇమడదు.